నువ్వుగింజ నానని నోరు

రీగా చేపల బజారులో, గడియారం వెనక
నేనే బిగించాను ఆ బూడిదరంగు డబ్బాని.
ఎంతమంది వచ్చారు,
పొగబెట్టిన చేపల ముందు ఎంతసేపు నిలబడ్డారు,
ఏ తలుపులోంచి దౌగవ నది గాలిలోకి వెళ్ళిపోయారు,
నా జీతం ఈ లెక్కకే.
పేర్లు అక్కర్లేదు, తలలు చాలు
అన్నాడు మా ఇల్మార్స్.
నిజానికి తలలు కూడా కాదు, జేబులు.

జేబులో ఫోను ఊరుకోదు.
మనం ఎవరితోనూ మాట్లాడకపోయినా
పది బారల దూరం వినిపించేలా
పాత పరిచయాలను పేరుపేరునా పిలుస్తూ ఉంటుంది:
ఉన్నావా? నువ్వున్నావా?
ఒకప్పుడు వైఫై ఇచ్చిన ప్రతి ఇంటినీ,
ప్రతి కాఫీకొట్టునీ, ప్రతి ఆసుపత్రి వరండానీ.
నోట్లో నువ్వుగింజ నానదంటారే, అదీ.

కొత్త ఫోన్లు కాస్త నయం, మారుపేర్లు పెట్టుకుంటాయి.
ఆమెది పాతది.

ఆమె అని ఎందుకన్నానంటే,
ప్రతి గురువారం, నాలుగూ పదికి,
పాముల్లా మెలితిరిగే లాంప్రే చేపల కొట్టు దగ్గర
ఒకే నంబరు.
అది పిలిచే పేర్లు నాలుగు:
ఆపిల్ తోట వీధి, మూడో ఇల్లు.
లియెపాయ బస్సు.
పిల్లల ఆసుపత్రి, అతిథులు.
సెప్టెంబరులో కొత్తగా చేరింది నాలుగోది,
ఆడవాళ్ళు తలదాచుకునే ఒక ఇల్లు.
ఆ ఇంటి పేరు ఏ బోర్డు మీదా రాయరు.
వైఫైకి మాత్రం ఎవరో అమాయకంగా పెట్టేశారు.

ఆమె వదిలేసిన ఇంటిని
ఫోను ఇంకా వదల్లేదు.
ఈ నాలుగు పేర్లనీ నేను కలిపి కుట్టలేదు, అవే కుట్టుకున్నాయి.

అబద్ధం. కుట్టాను.
నవంబరులో ఇక్కడ సాయంత్రాలు మరీ పొడుగు.

తర్వాత వచ్చాడతను, ఆఫీసుకి.
మంచి ఉన్ని కోటు. చేతిలో కేకు పెట్టె.
ఇంట్లో రౌటర్ గుర్తుపెట్టుకున్న నంబరొకటి
కాగితం మీద రాసుకొచ్చాడు.
మా ఆవిడ ఫోను పోయిందండీ,
ఏ రోజు, ఏ గంటకి ఎటు వెళ్తుందో చెబితే చాలు.
పోయిన ఫోను వేళకి బజారుకెళ్తుందా అని అడగలేదు నేను.
ఎంత మర్యాదగా అడిగాడో.

డబ్బా పాడైందన్నాను.
అతను మెట్లు దిగేదాకా
టేబుల్ కింద నా వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి.
కేకు నేను ముట్టలేదు.
ఇల్మార్స్ తిన్నాడు.

ఆమెకి చెప్పాలి.
చెప్పాలంటే ఆమె ఎవరో తెలియాలి.
తెలియాలంటే గురువారం ఆ కొట్టు పక్కన నిలబడి
ఒక్కో జేబునీ జల్లెడ పట్టాలి,
సిగ్నల్ బలపడే వైపు అడుగులేస్తూ వెంటపడాలి.
ఉన్ని కోటు లేదు గానీ
అప్పుడు నేనూ అతనే.

రెండు రాత్రులు దీనితోనే తెల్లారాయి.

బుధవారం, చేపలమ్మే స్కైద్రీతెని బతిమాలుకుని
ఆమె తక్కెడ పైన ఒక అట్టముక్క వేలాడదీశాను:
"బయటికొస్తే వైఫై, బ్లూటూత్ ఆపండి.
పాత పేర్లు చెరిపేయండి.
మీ ఫోను వాటిని వీధిలో పిలుస్తోంది."
చేపలకీ దీనికీ ఏంటయ్యా సంబంధం, అంది.
నోరు తెరిస్తేనే కదా గాలానికి దొరికేది, అన్నాను.
నవ్వలేదు. అట్ట మాత్రం ఉండనిచ్చింది.

గురువారం నాలుగూ పదికి ఆ వరుస వచ్చింది.
ఎప్పుడూ రెండు నిమిషాలే ఉండేది
ఏడు నిమిషాలు నిలబడింది.
ఏడో నిమిషంలో, ఏ తలుపూ దాటకుండా,
కొట్టు ముందే
ఆగిపోయింది.

చదివిందేమో. బ్యాటరీ అయిపోయిందేమో.
మళ్ళీ రాలేదు ఆ నంబరు.
ఆమె ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు,
ఈ ఉద్యోగంలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

చిట్టా చెరిపేస్తూ పైకి వెళ్తే
మొట్టమొదటి వరుస నాదే.
డబ్బా బిగించిన రోజు, నిచ్చెన మీద నేను,
కింద జనం, చేతిలో మర,
జేబులో నా ఫోను
ఆరేళ్ళ కిందట నేను నిద్రపోవడం మానేసిన ఒక ఇంటిని
పేరుపెట్టి పిలుస్తోంది,
ఉన్నావా అని.